ఆఫ్ చేశామన్నారు కదా అన్నా



పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. విజయవాడ వన్ టౌన్‌లో మా హాస్టల్ టీవీలో మన పాటలు వచ్చే పెట్టె గురించి చాలామంది అడుగుతున్నారు. "మాకూ చేసిపెట్టండి", "ఆ ప్లగిన్ పంపండి" అని. పంపుతాం. దాంట్లో సెట్టింగుల తెర ఎలా పెట్టామో కూడా ఇక్కడే చెప్తాం. కానీ పోయిన ఆగస్టు 9 రాత్రి మా వల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. అది దాచి పెట్టె మాత్రం ఇస్తే, మేం చేసిన తప్పే మీరూ చేస్తారు.

ముందు పెట్టె సంగతి. మా సీనియర్ అన్న ఒకాయన చదువైపోయి వెళ్తూ రాస్ప్‌బెర్రీ పై ఒకటి మాకు వదిలి వెళ్లాడు. అరచేతిలో పట్టేంత కంప్యూటర్. మెమరీ కార్డులో లిబ్రెఎలెక్ ఎక్కించి టీవీకి తగిలిస్తే, నేరుగా కోడి అనే సాఫ్ట్‌వేర్ తెరమీదకి వస్తుంది. ఆ పేరు వినగానే హాస్టలంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి దాని పేరు కోడిపెట్టె. వంట చేసే అక్క అయితే కోడిపెట్ట అనే అంటుంది.

ఈ కోడి 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టె కోసం రాసిన ప్లేయర్ నుంచి పుట్టింది. చాలా ఏళ్లు ఎక్స్‌బీఎంసీ అన్నారు, 2014లో కోడి అని పేరు మార్చారు. డబ్బు కట్టక్కర్లేదు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. సినిమాలు, పాటలు, ఫొటోలు అన్నీ దాంట్లో చూసుకోవచ్చు. దాంట్లో లేనిది కావాలంటే చిన్న ప్రోగ్రాం రాసి కలుపుకోవచ్చు. దాన్నే ప్లగిన్ అంటాం. పైథాన్‌లో రాయాలి. 2021లో వచ్చిన 19వ వెర్షన్ నుంచి పైథాన్ 3 మాత్రమే నడుస్తుంది. పాత వీడియోలు చూసి పైథాన్ 2లో రాసి మేం ఒక వారం పోగొట్టుకున్నాం, మీరు పోగొట్టుకోవద్దు.

మా గదిలో నలుగురం. ఒకడిది సీతంపేట, ఒకడిది అరకు వైపు, ఇద్దరిది చింతూరు. సెలవులకు ఊరెళ్లినప్పుడల్లా ఫోన్లో పాటలు పట్టుకొచ్చేవాళ్లం. సవర పాటలు, థింసా పాటలు, రేల పాటలు, ముసలివాళ్లు చెప్పే కథలు. ఇవన్నీ నలుగురి ఫోన్లలో నాలుగు చోట్ల పడి ఉండేవి. ఒక ఫోన్ పోతే వాటితోపాటు పోయేవి. అందుకే అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి చేర్చి, కోడి కోసం ప్లగిన్ రాశాం. భాష, ఊరు, పాడినవాళ్లు, ఈ మూడింటి ప్రకారం జాబితా చూపిస్తుంది. రిమోట్ నొక్కితే పాడుతుంది.

మొదటి వెర్షన్‌లో అన్నీ కోడ్‌లోనే రాసేశాం. పెన్‌డ్రైవ్ ఎక్కడుందో, ఏ భాష ముందు రావాలో, పాట అయ్యాక ఇంకోటి దానంతటదే రావాలో వద్దో, అన్నీ. మాకు బాగానే ఉంది. కానీ లిబ్రెఎలెక్‌లో పెన్‌డ్రైవ్ దాని పేరుతోనే ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. ఇంటర్ తమ్ముడొకడు సినిమా ఎక్కించుకోవడానికి దాన్ని ఫార్మాట్ చేసి, మళ్లీ పాటలన్నీ ఎక్కించి, పేరు మాత్రం వేరేది పెట్టాడు. అంతే, జాబితా ఖాళీ. పాటలు అందులోనే ఉన్నాయి, ప్లగిన్‌కి దారి తెలీదు.

అప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పరీక్షల ముందు రాత్రి కూడా. "అన్నా, పాటలు రావట్లేదు." మేం వెళ్లి ల్యాప్‌టాప్ తగిలించి, కోడ్‌లో ఒక్క లైను మార్చి వచ్చేవాళ్లం. మొదట్లో గొప్పగానే అనిపించింది, మేం లేకపోతే ఏదీ నడవదని. తర్వాత ఒక రాత్రి మాలో ఒకడు అన్నాడు. "మా నాన్న ఆఫీసుకెళ్లి కాగితం ఎవరితోనో చదివించుకుని, ఎవరితోనో రాయించుకుని, వాళ్లు చూపించిన చోట వేలిముద్ర వేసి వచ్చేవాడు. ఇప్పుడు మనం ఈ పిల్లలకి ఆ గుమాస్తాలం అయ్యాం." ఆ మాటకి ఎవరం నవ్వలేదు. మా నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ కాగితం సంగతి మా అందరికీ తెలుసు.

అందుకని సెట్టింగుల తెర పెడదామనుకున్నాం. కోడిలో ఇది కష్టం కాదు. తెర బొమ్మ మనం గీయక్కర్లేదు. ప్లగిన్‌లో రిసోర్సెస్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో సెట్టింగ్స్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైల్ పెట్టి, మనకి ఏమేం కావాలో రాస్తే చాలు, తెర కోడి తయారు చేస్తుంది. ఫైల్‌లో ముందు సెక్షన్, దాని లోపల కేటగిరీలు, వాటి లోపల గ్రూపులు, గ్రూపుల లోపల సెట్టింగులు. ఒక్కో సెట్టింగ్‌కి ఐడీ ఉండాలి, రకం ఉండాలి, డిఫాల్ట్ ఉండాలి, తెరమీద ఎలా కనిపించాలో చెప్పే కంట్రోల్ ఉండాలి. అవును కాదు అయితే టోగుల్. నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలంటే లిస్ట్ లేదా స్పిన్నర్. ఫోల్డర్ చూపించాలంటే రకం పాత్ అని రాసి బటన్ పెడితే, నొక్కగానే పెన్‌డ్రైవ్‌లు, ఫోల్డర్లు వరసగా వస్తాయి. టైప్ చేసే పని లేదు. ఫార్మాట్ చేసిన తమ్ముడికి కావాల్సింది అదే.

తెరమీద కనిపించే మాటలు ఈ ఫైల్‌లో రాయరు. నంబరు రాస్తారు. మన ప్లగిన్‌లకి 30000 నుంచి మొదలవుతాయి. ఆ నంబరుకి ఇంగ్లీషులో ఏం మాట, తెలుగులో ఏం మాట అనేది లాంగ్వేజ్ ఫోల్డర్‌లో స్ట్రింగ్స్ డాట్ పీఓ ఫైళ్లలో ఉంటుంది. భాషకి ఒక ఫోల్డర్. కోడి ఏ భాషలో ఉంటే ఆ మాట వస్తుంది. మేం తెలుగు రాసి చూస్తే మొదట గళ్లు గళ్లుగా వచ్చింది. ఆ ఫాంట్‌లో తెలుగు లేదు. స్కిన్ ఫోల్డర్‌లో తెలుగున్న ఫాంట్ పెట్టి, ఫాంట్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో దాని పేరు రాశాక అక్షరాలు వచ్చాయి.

ఉత్సాహం కొద్దీ మొదట 19 సెట్టింగులు పెట్టాం. వాటిలో ఒకదాని పేరు "ఇంటివాళ్ల పాటలు చూపించు". ఇక్కడ ఆగి ఒక తమ్ముడి గురించి చెప్పాలి.

మా హాస్టల్లోనే ఇంటర్ చదువుతున్నాడు, కోయ పిల్లాడు. వీఆర్ పురం మండలం, పోలవరం ముంపులో ఉన్న ఊరు. ప్రకాశం బ్యారేజీ మీదకి సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు ఒకసారి చెప్పాం వాడికి, 2015 నుంచి పట్టిసీమ మోటార్లు ఎత్తిపోసిన గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి ఇక్కడిదాకా వస్తున్నాయని. కాసేపు నీళ్లవైపు చూసి, "మా ఊరు దాటొచ్చిన నీళ్లు నాకంటే ముందే విజయవాడ వచ్చేశాయన్నమాట" అన్నాడు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వాళ్ల ఇల్లు మునిగింది. నాయనమ్మను కొండమీదకి ఎక్కించారు. ఆ కొండమీద ఉన్న రోజుల్లోనే ఆమె పాడుతుంటే వీడు ఫోన్లో రికార్డు చేశాడు. 11 పాటలు. ఆ మరుసటి ఏడాది ఆమె పోయింది. ఆ 11 పాటల్లో ఒకటి ఏడుపు పాట, వాళ్ల తాత చనిపోయినప్పుడు పాడింది. చావు లేని రోజున ఆ పాట ఎత్తకూడదని వాళ్లింట్లో పట్టింపు. "నువ్వు నేర్చుకో, వాళ్లకీ వీళ్లకీ వినిపించకు" అని చెప్పే పాడిందట.

పోగొట్టుకోకూడదని వాడు 11 పాటలూ మా పెన్‌డ్రైవ్‌లో పెట్టాడు. ఆ ఒక్కటి వేరే ఫోల్డర్‌లో. "ఇది రాకుండా చూడండన్నా" అన్నాడు. మేం ధీమాగా "సెట్టింగ్ పెడతాం, ఆఫ్ చేస్తే రాదు" అన్నాం. పెట్టాం. వాడి ముందే ఆఫ్ చేశాం. తెరమీద ఆ బటన్ ఆరిపోయింది. వాడూ చూశాడు.

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజు. హాస్టల్ హాల్లో సాయంత్రం నుంచి సందడి. వార్డెన్ సార్ వచ్చారు, బయటి హాస్టళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చారు. కోడిపెట్టె పెట్టి, పాటలు వరసగా వచ్చేలా చేశాం. థింసా పాటలకి అరకు వాళ్లు లేచారు, రేల పాటలకి మేం లేచాం. భోజనాల వేళకి అందరూ కూర్చున్నారు. అప్పుడు వచ్చింది ఆ పాట.

మాకు కొన్ని క్షణాలు అర్థం కాలేదు. ముసలి గొంతు, వెనకాల వాన చప్పుడు. కొందరు పిల్లలు బాగుందనుకుని సౌండ్ పెంచమన్నారు. తమ్ముడు చేతిలో కంచం కింద పెట్టి మేడ మీదకి వెళ్లిపోయాడు. మేం పరుగెత్తి పెట్టె వైరు పీకేశాం. పైకి వెళ్లేసరికి గాంధీ కొండ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు. "ఆఫ్ చేశామన్నారు కదా అన్నా."

ఆ రాత్రి మేం నలుగురం పడుకోలేదు. ఎవరో ఆన్ చేసి ఉంటారని మొదట అనుకున్నాం, అలా అనుకోవడం సుఖంగా ఉంటుంది కాబట్టి. కోడిలో మనం పెట్టిన సెట్టింగులు యూజర్‌డేటాలో యాడాన్ డేటా అనే ఫోల్డర్‌లో, ప్లగిన్ పేరు కింద ఒక ఫైల్‌లో ఉంటాయి. అది తెరిచి చూశాం. అక్కడ ఫాల్స్ అనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. తెర సరిగ్గానే రాసుకుంది. తప్పు మా కోడ్‌లో ఉంది.

తప్పు ఇదీ. గెట్‌సెట్టింగ్ అని అడిగితే కోడి మనకి జవాబు మాటగా ఇస్తుంది. ట్రూ అనే మాట, లేకపోతే ఫాల్స్ అనే మాట. మేం ఆ జవాబును అలాగే ఇఫ్ పక్కన పెట్టేశాం. పైథాన్‌కి ఆ మాట అర్థంతో పని లేదు. ఖాళీగా లేని ఏ మాటైనా దానికి నిజమే. ఫాల్స్ అంటే ఇంగ్లీషులో ఐదక్షరాలు, ఖాళీ కాదు, కాబట్టి నిజం. అంటే మా బటన్ ఆన్‌లో ఉన్నా పాట వస్తుంది, ఆఫ్‌లో ఉన్నా వస్తుంది. తెరమీద ఆరినట్టు కనిపిస్తుంది, అంతే. గెట్‌సెట్టింగ్‌బూల్ అని అడిగి ఉంటే నిజంగా అవును కాదు అనే జవాబే వచ్చేది. నాలుగు అక్షరాల తేడా.

మరి ముందే ఎందుకు తెలీలేదు? మేం ఆన్ చేసి చూశాం. పాట జాబితాలో కనిపించింది, పని చేస్తోందనుకున్నాం. ఆఫ్ చేసినప్పుడు బటన్ వైపే చూశాం, జాబితా తెరిచి చూడలేదు.

కాగితం మీద ఒకటి, నేలమీద ఒకటి ఉండటం మనకి కొత్త కాదు. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఎన్ని ఊళ్లలో ఎంత పోయిందో మన పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. ఆ మాట మీద మనం మీటింగుల్లో ఎంత మాట్లాడతామో మీకు తెలుసు. అలాంటిది మేమే ఒక తెరమీద ఒకటి రాసి, లోపల ఇంకోటి చేశాం. కావాలని చేయలేదు. కానీ తమ్ముడికి ఆ తేడా ఏం పనికొస్తుంది?

మర్నాడు లైను సరిచేశాం. ఆఫ్ చేసి జాబితా చూశాం, ఆన్ చేసి చూశాం, పెట్టె ఆపి మళ్లీ పెట్టి చూశాం. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. ఆ సెట్టింగ్‌కి మేం పెట్టిన డిఫాల్ట్ ట్రూ. మా హాస్టల్లో మేం చేత్తో ఆఫ్ చేశాం సరే. ఊళ్లో ఆడపిల్లల హాస్టల్‌కి కూడా ఒక కాపీ ఇచ్చాం. వాళ్లు సెట్టింగుల తెర ఎప్పుడూ తెరవలేదు, తెరవాలని మేం చెప్పలేదు. తెర తెరవని వాళ్లకి డిఫాల్టే నడుస్తుంది. అదృష్టం కొద్దీ వాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ లేదు.

తర్వాత తమ్ముడి చేత వాళ్ల మేనత్తకి ఫోన్ చేయించాం. జరిగింది చెప్పి, తప్పయిందని ఒప్పుకున్నాం. ఇప్పుడు బాగుచేశామని, ఆఫ్ నిజంగా ఆఫేనని చెప్పాం. ఆమె కోయలో మాట్లాడింది. మా చింతూరు వాళ్లిద్దరికీ అర్థమైంది, మిగతా ఇద్దరికీ తమ్ముడు తెలుగులో చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే. "తలుపుకి గడియ పెట్టామంటున్నారు. గడియ లోపల ఉందా, బయట ఉందా?"

మేం ఆలోచిస్తే బయటే ఉంది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆన్ చేయొచ్చు. పాస్‌వర్డ్ పెడదామా అంటే, ఆ ఫైల్‌లో అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. రాసేది చుక్కలుగా కనపడేలా హిడెన్ అని పెట్టొచ్చు, అది తెరమీద మాత్రమే చుక్కలు. ఫైల్ తెరిస్తే చదువుకోవచ్చు. అసలు పెన్‌డ్రైవ్ పీకి ల్యాప్‌టాప్‌లో పెడితే ఏ సెట్టింగూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాం.

"అయితే ఆ పాట అక్కడెందుకు బాబూ? మా ఇంట్లో ఉండనివ్వండి" అంది. కాసేపాగి, "విత్తనాల పండుగ పాటలు మాత్రం అందరికీ వినిపించండి. అవి దాచుకునేవి కావు" అంది.

ఆ పాట పెన్‌డ్రైవ్ నుంచి తీసేశాం. రెండు మెమరీ కార్డుల్లో ఎక్కించి, ఒకటి తమ్ముడికి, ఒకటి వాళ్ల మేనత్తకి ఇచ్చాం. మా దగ్గర కాపీ లేదు. "ఇంటివాళ్ల పాటలు చూపించు" అనే సెట్టింగ్ కూడా తీసేశాం. ఎవరికి వినిపించాలో తేల్చాల్సింది ఆ ఇంటివాళ్లు. మేం ఆ నిర్ణయాన్ని బటన్ చేసి, రిమోట్ పట్టుకున్నవాడికి ఇచ్చేశాం.

మిగతా 18 కూడా మళ్లీ చూశాం. ఒక్కోదాని ముందు "ఇది ఎవరికి కావాలి" అని అడిగితే చాలావాటికి జవాబు లేదు. మేం ఏదో తేల్చుకోలేక సెట్టింగ్ చేసి వదిలేసినవే ఎక్కువ. చివరికి ఐదు మిగిలాయి. పాటల ఫోల్డర్ ఎక్కడ. ముందు ఏ భాష. పాట అయ్యాక ఇంకోటి రావాలా. కథలు కూడా చూపించాలా. ఐదోది, ఎవరి పాటలు.

ఈ ఐదోది రాసేటప్పుడు ఒక తమాషా జరిగింది. రెండు ఎంపికలు కావాలి, మన ఊరివి మాత్రమే చూపించేది ఒకటి, అందరివీ చూపించేది ఒకటి. తెలుగులో "మా పాటలు", "మన పాటలు" అని రాస్తే ఎవరికీ వివరించక్కర్లేదు. ఇంగ్లీషు ఫైల్‌లో రాయబోతే రెండింటికీ ఒకే మాట. అక్కడ పెద్ద వాక్యం రాయాల్సి వచ్చింది. సీతంపేటవాడు ఇప్పుడు సవర మాటలు తెలుగు లిపిలో రాస్తున్నాడు. కోడి భాషల జాబితాలో సవర లేదు కాబట్టి వాటిని ప్రస్తుతానికి తెలుగు మాట పక్కనే పెడుతున్నాం.

మీరు చేసుకునేటప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఒకసారి జనం చేతికి ఇచ్చాక సెట్టింగ్ ఐడీ మార్చొద్దు. మారిస్తే వాళ్లు పెట్టుకున్నది పోయి మళ్లీ డిఫాల్ట్ వస్తుంది, వాళ్లకి చెప్పే దిక్కు కూడా ఉండదు. తెరమీది మాట ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఐడీ మాత్రం ఉంచండి. ప్రతి సెట్టింగ్‌కీ హెల్ప్ నంబరు ఇచ్చి రెండు ముక్కలు వివరంగా రాయండి. చదివేది మన చెల్లెలో తమ్ముడో అనుకుని రాయండి.

ప్లగిన్ కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, ఫైల్ పంపుతాం. పాటలు మాత్రం పంపం. మీ పాటలు మీరే ఎక్కించుకోండి. ఎక్కించే ముందు పాడినవాళ్లని అడగండి, వాళ్లు లేకపోతే ఇంట్లో అడగండి. వద్దన్నది పెట్టెలో పెట్టొద్దు, మా ప్లగిన్‌లో దాన్ని దాచే బటన్ లేదు.

ఫోన్లు ఇప్పుడు తగ్గాయి. సెమిస్టర్ పరీక్షల్లో పెన్‌డ్రైవ్ మళ్లీ మారిందట, పిల్లలే ఫోల్డర్ చూపించుకున్నారు. మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మొన్న ఆదివారం తమ్ముడు హాల్లో రిమోట్ తీసుకున్నాడు. ఆగస్టు తర్వాత వాడు ఆ పెట్టె ముట్టుకోవడం అదే మొదటిసారి. ముందు సెట్టింగుల తెర తెరిచాడు. కథలు ఆఫ్ చేసి జాబితాలోకి వెళ్లి, కింది దాకా చూశాడు. మళ్లీ వెనక్కొచ్చి ఆన్ చేసి, మళ్లీ చూశాడు. మేం పక్కనే ఉన్నాం, ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల నాయనమ్మ పాడిన విత్తనాల పండుగ పాట పెట్టి, మా మధ్యకి వచ్చి కూర్చున్నాడు.

జై ఆదివాసీ.